లెవల్ పెంచకుండా గెలిచే ఆట: ఫైనల్ ఫ్యాంటసీ 8

ఫైనల్ ఫ్యాంటసీ 8 అనే వీడియో గేమ్ నచ్చనివాళ్లు చెప్పే కారణాలు ఎప్పుడూ ఇవే. ఫైట్ మొదలైతే శత్రువు ముందు నిలబడి గంటలకొద్దీ మ్యాజిక్ లాక్కోవాలి. కష్టపడి లెవల్ పెంచుకుంటే శత్రువుల లెవల్ కూడా మనతో పాటే పెరుగుతుంది. సమన్‌ను, అంటే ఫైట్‌లో సాయానికి వచ్చే మాయాజీవిని పిలిస్తే ఆ యానిమేషన్ ఎంతకీ అవదు. హీరో స్క్వాల్ నోరు విప్పడు. సగం ఆట అయ్యాక, వీళ్లంతా చిన్నప్పుడు ఒకే అనాథాశ్రమంలో పెరిగారనీ ఆ సంగతి మర్చిపోయారనీ చెబుతారు.

ఇవన్నీ ఆటలో ఉన్నవే, ఎవరూ కల్పించి చెప్పడం లేదు. కానీ మొదటి మూడు ఫిర్యాదులూ ఒకే అలవాటు నుంచి పుడుతున్నాయి. ఫైట్లు చేస్తే లెవల్ పెరగాలి, లెవల్ పెరిగితే బలం రావాలి అన్న అలవాటు అది. ఈ ఆటలో బలం లెవల్ నుంచి రాదు. ఎక్కడి నుంచి వస్తుందో తెలిశాక, ఈ సిరీస్‌లో ఆడేవాళ్ల చేతికి ఇంత స్వేచ్ఛ ఇచ్చిన ఆట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఆ దారి ఏమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కథలోని మలుపులు కూడా దాచడం లేదు కాబట్టి, మొదటిసారి ఆడబోయేవాళ్లు ఆ సంగతి చూసుకుని చదవండి.

1997లో వచ్చిన 7వ భాగం ప్రపంచమంతా ఊపేసింది. దాని వెనకే 1999 ఫిబ్రవరి 11న జపాన్‌లో 8 విడుదలైంది, అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాకు వచ్చింది. ప్లేస్టేషన్ మీద నాలుగు డిస్కులు. దర్శకుడు యోషినోరి కితాసే, కథ కజుషిగె నోజిమా, పాత్రల రూపకల్పన తెత్సుయా నోమురా, సంగీతం నోబువో ఉఎమాత్సు. ఫైట్ సిస్టమ్ హిరోయుకి ఇతోది. నాలుగో భాగంలో యాక్టివ్ టైమ్ బ్యాటిల్ పద్ధతిని తెచ్చింది కూడా ఆయనే. అమ్మకాలు బాగానే ఉన్నా, 7 లాంటి ఆట కోసం ఎదురుచూసినవాళ్లకు ఇది కొరుకుడు పడలేదు. 2000 జులైలో వచ్చిన 9 పాత పద్ధతులకు తిరిగి వెళ్లేసరికి, మధ్యలో ఉన్న 8 దారితప్పిన ప్రయోగంలా మిగిలిపోయింది. 7, 9 ముందే ఫోన్లలోకి వచ్చేస్తే, 8 కొత్త కన్సోళ్ల మీదికి రావడానికి 2019 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. ఈ ఆటలో మ్యాజిక్ వాడటానికి ఎంపీ (మ్యాజిక్ వాడితే ఖర్చయ్యే పాయింట్లు) లేదు. ప్రతి మ్యాజిక్ ఒక వస్తువులా లెక్కకు వస్తుంది: ఫైర్ 37, క్యూర్ 62 అన్నట్టు. ఒక్కో పాత్ర ఒక్కో మ్యాజిక్‌ను గరిష్ఠంగా 100 వరకు దాచుకోవచ్చు. ఒంటికి వేసుకునే కవచాలు, ఉంగరాలు లేవు. వాటి స్థానంలో గార్డియన్ ఫోర్సులు, అంటే జీఎఫ్‌లు ఉన్నాయి. ఫైట్‌లో సమన్లుగా పిలిచేది వీటినే. ఒక జీఎఫ్‌ను ఒక పాత్రకు జోడిస్తే, ఆ జీఎఫ్‌కు ఉన్న శక్తులను బట్టి కొన్ని స్టాట్లకు (పాత్ర బలాన్ని చెప్పే అంకెలకు) తలుపు తెరుచుకుంటుంది. ఇఫ్రిట్ అనే జీఎఫ్‌ను జోడిస్తే హెచ్‌పీకి (అంటే ప్రాణబలానికి), స్ట్రెంగ్త్‌కి మ్యాజిక్ తగిలించవచ్చు. షివాను జోడిస్తే స్ట్రెంగ్త్, వైటాలిటీ, స్పిరిట్. (పేరు చూసి మన శివుడనుకోకండి, ఈ సిరీస్‌లో షివా మంచు దేవత.) ఇలా స్టాట్‌కు మ్యాజిక్ తగిలించడమే జంక్షన్. తగిలించిన మ్యాజిక్ రకాన్ని బట్టి, సంఖ్యను బట్టి స్టాట్ పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో చూస్తేనే ఆట మొత్తం అర్థమవుతుంది. 100 క్యూరాగాలు (క్యూర్ కంటే పెద్ద వైద్య మ్యాజిక్) హెచ్‌పీకి తగిలిస్తే 2200 హెచ్‌పీ కలుస్తుంది. 100 టోర్నడోలు స్ట్రెంగ్త్‌కు తగిలిస్తే 48 పాయింట్లు. 100 ట్రిపుల్‌లు మ్యాజిక్ అనే స్టాట్‌కు అయితే 70, స్పీడ్‌కు తగిలించినా 70. స్టాట్ గరిష్ఠం 255. ఒక్క మెనూ తెరిచి ఒక్క మ్యాజిక్ తగిలిస్తే వచ్చేంత బలం పదుల లెవళ్లు పెరిగినా రాదు.

లెవల్ పెరగడానికి సుమారు 1000 ఎక్స్‌పీ (ఫైట్లలో వచ్చే అనుభవ పాయింట్లు) చాలు, మొదటి లెవల్‌కైనా తొంభయ్యో లెవల్‌కైనా అంతే. శత్రువుల లెవల్ మీ పార్టీ సగటు లెవల్‌ను బట్టి మారుతుంది. కొన్ని బాస్‌లకు మాత్రం గరిష్ఠ హద్దు ఉంది. శత్రువు లెవల్ పెరిగితే అతని హెచ్‌పీ, దెబ్బ రెండూ పెరుగుతాయి. కాబట్టి జంక్షన్ పట్టించుకోకుండా ఫైట్ల మీద ఫైట్లు చేసి 40వ లెవల్‌కు చేరినవాళ్లకు ఆట రోజురోజుకూ కష్టమవుతుంది. 12వ లెవల్‌లోనే ఆగి మంచి మ్యాజిక్ తగిలించుకున్నవాళ్లకు అదే ఆట తేలికైపోతుంది. చాలామంది దీన్ని లోపం అంటారు. నా దృష్టిలో ఇది ఆట పెట్టిన సూటి ప్రశ్న: బలాన్ని ఎక్కడ వెతుకుతారు?

శత్రువు నుంచి లాక్కోవడం, అంటే డ్రా, ఆ ప్రశ్నకు అన్నిటికంటే నాసిరకం జవాబు. ఒక టర్న్‌లో గరిష్ఠంగా 9 మ్యాజిక్‌లు వస్తాయి, మొదట్లో అంత కూడా రావు. సగటున 5 వస్తాయనుకుంటే ఒక పాత్రకు ఒక మ్యాజిక్ 100 నిండడానికి 20 టర్నులు. ముగ్గురికీ కలిపి 60. అదీ ఒక్క మ్యాజిక్‌కే. నాలుగు రకాలు నింపాలంటే 240 టర్నులు. ఈ ఆటను మధ్యలో వదిలేసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే వదిలేసి ఉంటారని అనుకుంటాను. తప్పు వాళ్లది కాదు. ఆట మొదట్లో స్క్వాల్ టీచర్ క్విస్టిస్ చేత డ్రా గురించే పాఠం చెప్పిస్తారు, రిఫైన్ గురించి మాత్రం మెనూ లోపల ఎక్కడో వదిలేస్తారు. ఈ ఆటకున్న అతి పెద్ద లోపం నేర్పించే తీరే.

రిఫైన్ అంటే వస్తువును మ్యాజిక్‌గా మార్చడం. జీఎఫ్‌లు నేర్చుకునే శక్తుల్లో పేరు చివర ఆర్‌ఎఫ్ అని ఉన్నవన్నీ ఈ పని చేసేవే. మెనూలో ఎబిలిటీ అన్న చోట నుంచి వాడుకోవాలి. క్వెజాకోటిల్ దగ్గర టీ మ్యాగ్-ఆర్‌ఎఫ్ ఉంది, అది పిడుగు, గాలి మ్యాజిక్‌లకు. షివా దగ్గర ఐ మ్యాగ్-ఆర్‌ఎఫ్, మంచుకూ నీటికీ. ఇఫ్రిట్ దగ్గర ఎఫ్ మ్యాగ్-ఆర్‌ఎఫ్, నిప్పుకు. సైరెన్ దగ్గర ఎల్ మ్యాగ్-ఆర్‌ఎఫ్, ప్రాణం పోసే మ్యాజిక్‌లకు. డియాబ్లోస్ దగ్గర టైమ్ మ్యాగ్-ఆర్‌ఎఫ్. ఆట మొదలవగానే జీఎఫ్‌లు నేర్చుకునే వరుసను మీరే మార్చి వీటిని ముందుకు తేవాలి. ఆట దానంతట అది ఎంచే వరుసలో అంత అవసరం లేనివి ముందు వస్తుంటాయి, ఆలోపు పోగైన ఏపీ (జీఎఫ్‌లు శక్తులు నేర్చుకోవడానికి ఫైట్లలో వచ్చే పాయింట్లు) వాటికే పోతుంది.

ఏ లాభం వస్తుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఎల్ మ్యాగ్-ఆర్‌ఎఫ్‌తో ఒక టెంట్ 10 క్యూరాగాలు అవుతుంది. టెంట్ ధర 1000 గిల్ (ఈ ఆటలో డబ్బు). పది టెంట్లు కొంటే 10,000 గిల్‌కు 100 క్యూరాగాలు, అంటే ఒక పాత్రకు 2200 హెచ్‌పీ. ఇది మొదటి డిస్కులోనే, డోలెట్ నగరంలో జరిగే సీడ్ (స్క్వాల్ చేరబోయే కిరాయి సైనిక దళం) పరీక్ష ముగిసి సైరెన్ చేతికి రాగానే చేయవచ్చు. అప్పటికి పార్టీలో ఎవరి సొంత హెచ్‌పీ అయినా వందల్లోనే ఉంటుంది.

గిల్ ఎక్కడిది అంటే, ఈ ఆటలో మామూలు శత్రువులు డబ్బు ఇవ్వరు. స్క్వాల్ సీడ్ దళంలో ఉద్యోగి కాబట్టి జీతం వస్తుంది. నడుస్తూ ఉంటే కొంత దూరానికి ఒకసారి జమవుతుంది. జీతం పెరగాలంటే సీడ్ ర్యాంకు పెరగాలి. మెనూలో ట్యుటోరియల్‌లోకి వెళితే రాత పరీక్షలు 30 ఉన్నాయి, ఒక్కో దాంట్లో 10 అవును-కాదు ప్రశ్నలు. పదికి పది రావాలి. స్క్వాల్ ఏ లెవల్‌లో ఉంటే ఆ సంఖ్య పరీక్ష వరకే రాయనిస్తారు. తక్కువ లెవల్‌లో ఆడేవాళ్లకు ఇది ఒక్కటే చిన్న ఇబ్బంది, అయినా పది పన్నెండు పరీక్షలు రాసేసరికే జీతం టెంట్లకు సరిపోతుంది. ఫైట్లు పూర్తిగా మానేసి తిరిగితే ర్యాంకు తగ్గుతూ వస్తుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆట గుండెకాయ మాత్రం కార్డులే.

ట్రిపుల్ ట్రయాడ్ అన్న పేకాట చూడటానికి కాలక్షేపం లాగే ఉంటుంది. మూడు గళ్లు అడ్డం, మూడు నిలువు. చెరో ఐదు కార్డులు. కార్డుకు నాలుగు వైపులా అంకెలు, మీ పెద్ద అంకె ఎదుటివాడి చిన్న అంకెకు ఆనితే ఆ కార్డు మీ రంగులోకి వస్తుంది. పదికి గుర్తు ఏ. మొత్తం 110 కార్డులు, పది లెవళ్లుగా, లెవల్‌కు 11. మొదటి ఏడు కార్డులు సీడ్‌లను తయారుచేసే బలాంబ్ గార్డెన్ అనే పాఠశాల రెండో అంతస్తులో లిఫ్ట్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఇస్తాడు. గార్డెన్‌లో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఆట గెలిచినవాళ్లు ఒక కార్డు తీసుకుంటారు. ఒక్క ఫైట్ కూడా చేయకుండా గార్డెన్ కారిడార్లలో తిరుగుతూ పదుల కొద్దీ కార్డులు పోగేసుకోవచ్చు.

ఈ కార్డులను వస్తువులుగా మార్చే శక్తి కార్డ్ మాడ్. అది క్వెజాకోటిల్ దగ్గర ఉంది. ముందు కార్డ్ నేర్చుకోవాలి, 40 ఏపీ. తర్వాత కార్డ్ మాడ్, 80 ఏపీ. డోలెట్‌లో వెంటపడే సాలీడు రోబోను పారిపోకుండా ఓడిస్తే ఒక్కసారే 50 ఏపీ వస్తుంది. పరీక్షకు 30 నిమిషాల గడువు నడుస్తుంటుంది కాబట్టి ముందే సేవ్ చేసుకోండి.

కార్డ్ మాడ్ వచ్చాక గొలుసు ఎలా సాగుతుందో చూడండి. అబిస్ వార్మ్ మూడో లెవల్ కార్డు, మామూలు ఆటగాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఒక అబిస్ వార్మ్ కార్డు ఒక విండ్‌మిల్ అవుతుంది. ఒక విండ్‌మిల్ టీ మ్యాగ్-ఆర్‌ఎఫ్‌తో 20 టోర్నడోలు. అయిదు కార్డులు గెలిస్తే 100 టోర్నడోలు, స్ట్రెంగ్త్‌కు 48. మొదటి డిస్కులో శత్రువుల దగ్గర ఎంతసేపు నిలబడి డ్రా చేసినా ఇంత బలం రాదు. అదే పద్ధతిలో క్రీప్స్ కార్డు ఒక కోరల్ ఫ్రాగ్మెంట్, అది 20 థండారాలు. కార్డుల ఊసే వద్దనుకుంటే, బలాంబ్ సముద్రతీరంలో ఇసుకలోంచి తలెత్తే ఫాస్టిటోకలాన్-ఎఫ్‌లను కొట్టండి. అవి వదిలే ఫిష్ ఫిన్ ఒక్కోటి 20 వాటర్‌లు అవుతుంది, అయిదు ఫిన్‌లతో వంద నిండుతుంది.

ఇంకో అడుగు ముందుకు వేస్తే క్విస్టిస్ కార్డు. ఆమె అభిమాన సంఘం సభ్యుడు ఒకడు క్లాస్‌రూమ్‌లోనే కూర్చుని ఉంటాడు, అతని దగ్గర గెలవాలి. ఆ ఒక్క కార్డును మార్చితే 3 సమాంతా సోల్‌లు. టైమ్ మ్యాగ్-ఆర్‌ఎఫ్‌తో ఒక్కో సోల్ 60 ట్రిపుల్ అవుతుంది, మొత్తం 180. అసలు ట్రిపుల్ అన్నది ఆట చివర్లో అందుబాటులోకి రావలసిన మ్యాజిక్. దాన్ని టింబర్ రైలు ఎక్కేలోపే 100 తెచ్చి ఒకరి మ్యాజిక్ స్టాట్‌కు తగిలిస్తే, ఆ పాత్ర డ్రా చేసినా ఎక్కువ వస్తాయి, ఎందుకంటే డ్రా సంఖ్య మ్యాజిక్ స్టాట్ మీదే ఆధారపడుతుంది. మిగిలిన 80 రెండో పాత్రకు. ఇలాంటి కార్డు ఒక్కటే ఉంటుంది కాబట్టి, దాన్ని ఆటలో వాడుకోవాలా కరిగించాలా అన్నది మీ ఇష్టం. నేనైతే కరిగించమనే చెబుతాను.

టైమ్ మ్యాగ్-ఆర్‌ఎఫ్ కావాలంటే డియాబ్లోస్ కావాలి. సీడ్ అయ్యాక టింబర్‌కు బయల్దేరే ముందు ప్రిన్సిపల్ సిడ్ ఒక దీపం ఇస్తాడు. ఐటమ్ మెనూలోంచి దాన్ని వాడితే డియాబ్లోస్‌తో ఫైట్ మొదలవుతుంది, కాబట్టి వాడే ముందు సేవ్ తప్పనిసరి. అతని గ్రావిజా ముగ్గురి హెచ్‌పీనీ భారీగా కోసేస్తుంది, కానీ అది ఉన్న హెచ్‌పీలో వంతు మాత్రమే తీస్తుంది కాబట్టి దానితో ఎవరూ చనిపోరు. హెచ్‌పీ బాగా తగ్గినప్పుడు లిమిట్ బ్రేక్ అనే ప్రత్యేక దెబ్బ వస్తుంది. కాబట్టి గ్రావిజా పడగానే అందరికీ నింపేయకుండా, జట్టులోని జెల్ లిమిట్ బ్రేక్ డ్యుయెల్, స్క్వాల్ లిమిట్ బ్రేక్ రెంజోకుకెన్ వాడుకోండి. లిమిట్ గుర్తు రాకపోతే టర్న్ పక్కవాళ్లకు ఇచ్చి మళ్లీ తిప్పుకుంటే ఇంకోసారి అవకాశం లెక్కిస్తుంది. డియాబ్లోస్ చేరాక ఎన్‌కౌంటర్లను (దారిలో హఠాత్తుగా ఎదురయ్యే ఫైట్లను) సగానికి తగ్గించే శక్తి, పూర్తిగా ఆపేసే శక్తి కూడా నేర్చుకోవచ్చు. సగానికి 30 ఏపీ, పూర్తిగా ఆపడానికి 100. లెవల్ పెరగకుండా ఆడాలనుకునేవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు.

ఏపీ కోసం మాత్రం ఫైట్లు కావాలి కదా, మరి ఎక్స్‌పీ వచ్చేస్తుంది కదా అన్న సందేహం వస్తుంది. దానికీ జవాబు క్వెజాకోటిల్ దగ్గరే ఉంది. కార్డ్ అన్న కమాండ్‌తో శత్రువును కార్డుగా మార్చేస్తే ఏపీ వస్తుంది, ఎక్స్‌పీ రాదు, కార్డు చేతికి వస్తుంది. శత్రువు హెచ్‌పీ ఎంత తగ్గితే మారే అవకాశం అంత ఎక్కువ. మామూలు దెబ్బతో చావు అంచుకు తెచ్చి ఆపైన కార్డ్ వాడాలి. స్ట్రెంగ్త్ ముందే ఎక్కువ చేసుకుంటే ఒక్క దెబ్బకే చచ్చి ఎక్స్‌పీ వచ్చేస్తుంది, కాబట్టి ఏపీ పోగేసుకునేటప్పుడు కార్డ్ వాడే పాత్రకు స్ట్రెంగ్త్ జంక్షన్ తీసి ఉంచడం మంచిది. బాస్‌లను ఓడిస్తే దాదాపు ఎప్పుడూ ఎక్స్‌పీ రాదు, ఏపీ మాత్రమే. వాళ్లను భయపడకుండా కొట్టేయవచ్చు.

లెవల్‌ను తక్కువగా ఉంచడంలో ఇంకో లాభం ఉంది. కొన్ని జీఎఫ్‌ల దగ్గర బోనస్ శక్తులు ఉన్నాయి, ఇఫ్రిట్ దగ్గర స్ట్రెంగ్త్ బోనస్ లాంటివి. అవి తగిలించుకుని లెవల్ పెరిగితే ప్రతి లెవల్‌కూ ఆ స్టాట్ ఒక పాయింట్ శాశ్వతంగా పెరుగుతుంది. ముందే 60వ లెవల్‌కు వెళ్లిపోయినవాళ్లు అప్పటిదాకా వచ్చిన అవకాశాలన్నీ పోగొట్టుకున్నట్టే.

ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో కూడా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది తగిలించిన మ్యాజిక్‌నే ఫైట్‌లో వాడేయడం. హెచ్‌పీకి తగిలించిన క్యూరాగాలను వైద్యానికి వాడుతూ పోతే హెచ్‌పీ గరిష్ఠం కరిగిపోతుంది. వాడటానికి వేరే మ్యాజిక్, తగిలించడానికి వేరే మ్యాజిక్ అని మొదటే విడదీసుకోండి. వైద్యానికి చిన్న క్యూర్‌లు చాలు.

రెండోది కార్డుల రూల్స్. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం రూల్స్. ఒక చోట ఆడి ఇంకో చోటికి వెళితే మీ వెనకే పాత ప్రాంతం రూల్స్ కూడా వస్తాయి, రెండూ కలిపి ఆడదామని ఎదుటివాడు అడుగుతాడు. అలా డోలెట్‌లో ఉన్న ర్యాండమ్ రూల్ బలాంబ్‌లోకి పాకిందంటే మీ మంచి కార్డులు చేతికి రావు, సంచిలోంచి ఏదో అయిదు వాటంతట అవే వస్తాయి. కాబట్టి బలాంబ్‌లో కావలసిన కార్డులన్నీ గెలిచాకే బయట ఆడండి. కలిపి ఆడదామన్న మాట రాగానే వద్దని చెప్పి మళ్లీ అడగండి, ప్రతి ఆటకు ముందూ సేవ్ చేయండి.

మూడోది, చేజారే జీఎఫ్‌లు. సైరెన్‌ను డోలెట్ టవర్ పైన ఎల్వొరెట్ దగ్గర డ్రా చేయాలి. కార్బంకుల్ ఇగ్వియాన్‌ల దగ్గర, లెవియాథన్ నోర్గ్ దగ్గర, పాండెమోనా బలాంబ్‌లో ఫుజిన్ దగ్గర, అలెగ్జాండర్ ఎదియా దగ్గర. బాస్ కనిపించగానే మొదటి టర్న్‌లో డ్రా తెరిచి జాబితా చూడటం అలవాటు చేసుకోండి. జారిపోయినా ఆఖరి కోటలోని బాస్‌ల దగ్గర మళ్లీ దొరుకుతాయి, కానీ సైరెన్ లేకుండా మొదటి మూడు డిస్కులు ఆడటం అంటే టెంట్ల దారి మూసుకుపోవడమే.

సమన్ల విషయానికొస్తే, వాటిని అసలు ఎక్కువగా పిలవకండి. యానిమేషన్ నిడివి మీద వచ్చిన ఫిర్యాదు అంతా, ఆటలో అన్నిటికంటే బలమైన ఆయుధం సమనే అనుకోవడం వల్ల వచ్చింది. జంక్షన్ బాగుంటే స్క్వాల్ మామూలు దెబ్బ చాలు, అదీ కత్తి తగిలే క్షణంలో ఆర్1 నొక్కితే ఇంకా ఎక్కువ. స్థితి మార్పు దెబ్బలు కూడా చూడండి. సైరెన్ ఇచ్చే శక్తితో దెబ్బకు 100 స్లీప్ తగిలిస్తే, నిద్రకు లొంగే ఏ శత్రువైనా నూటికి నూరుపాళ్లు నిద్రపోతాడు.

కథ దగ్గరికి వస్తే, అనాథాశ్రమం మలుపును కాకతాళీయం అని కొట్టిపారేసేవాళ్లు దాని కారణాన్ని మర్చిపోతుంటారు. ట్రాబియా గార్డెన్ శిథిలాల దగ్గర జట్టులోని ఇర్విన్ చెప్పేది ఇది: మనమందరం చిన్నప్పుడు కలిసే పెరిగాం, నాకొక్కడికే గుర్తుంది. ఎందుకంటే మిగతావాళ్లు జీఎఫ్‌లు వాడుతున్నారు, ఇర్విన్ వాడలేదు. జీఎఫ్‌లు మెదడులో చోటు చేసుకుని జ్ఞాపకాలను పక్కకు నెడతాయి. ఆ మాట విన్నప్పుడు మీ మెనూలో ఏముందో ఆలోచించండి. అప్పటిదాకా ఒక్కో జీఎఫ్‌ను ఏరి, ఒక్కో పాత్రకు మూడేసి తగిలించి, దాని బలంతో గెలుచుకుంటూ వచ్చింది మీరే. ఫైట్లలో మీకు లాభం ఇచ్చిన ప్రతి జంక్షనూ కథలో వాళ్ల బాల్యాన్ని కొంచెం తినేసింది. అది విన్నాక కూడా వాళ్లు జీఎఫ్‌లను వదలరు, యుద్ధం ముందుంది కాబట్టి. మీరూ వదలరు. ఆట నియమమూ కథ బాధా ఇంత దగ్గరగా కలిసిన చోటు ఈ సిరీస్‌లో నాకు ఇంకోటి కనిపించలేదు.

స్క్వాల్ మాట్లాడడని అంటారు కానీ, పదిహేడేళ్ల ఆ కుర్రాడు లోపల ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాడు. పైకి అనే మాట ఒక్కటైతే, మనసులో అనుకునేది అయిదు పెట్టెల నిండా ఉంటుంది. చిన్నప్పుడు తనను అక్కలా చూసుకున్న ఎల్లోన్ వెళ్లిపోయాక, ఎవరినీ నమ్ముకోకుండా బతకాలని నిర్ణయించుకున్నవాడు. ఎందుకు నిర్ణయించుకున్నాడో కూడా మర్చిపోయినవాడు. రెండోసారి ఆడేటప్పుడు ఇది తెలిసి ఆడితే మొదటి డిస్కులోని అతని ముక్తసరి మాటలన్నీ వేరేగా వినిపిస్తాయి.

మూడో డిస్కు చివర కథ తొందరపడుతుందన్నది నిజం. కాలాన్ని కుదించడం అన్న ఆలోచనను సరిగ్గా విడమర్చరు. నాలుగో డిస్కులో పట్టణాల తలుపులన్నీ మూసేస్తారు, దుకాణాలు, చాలా సైడ్ పనులు పోతాయి. స్క్వాల్ చివరి కత్తి లయన్ హార్ట్ కావాలన్నా, కార్డులతో ఆడుకోవాలన్నా మూడో డిస్కు దాటకముందే చూసుకోవాలి. ఆ కత్తికి కావలసినవి ఒక అడమంటైన్, 4 డ్రాగన్ ఫాంగ్‌లు, 12 పల్స్ అమోలు. ఓపిక ఉన్నవాళ్లు దాన్ని కార్డుల దారిలో చాలా ముందే చేసుకోవచ్చు: ఒక మినోటార్ కార్డు 10 అడమంటైన్‌లు అవుతుంది. 10 ఎల్నోయిల్ కార్డులు ఒక ఎనర్జీ క్రిస్టల్, ఇఫ్రిట్ అమో-ఆర్‌ఎఫ్‌తో ఒక క్రిస్టల్ 10 పల్స్ అమోలు. అంటే 20 ఎల్నోయిల్ కార్డులు గెలవాలి.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు 2019 రీమాస్టర్ చాలు. మూడు రెట్ల వేగం, ఎన్‌కౌంటర్లు ఆపే బటన్ అందులో ఉన్నాయి. 2021లో ఫోన్లకూ వచ్చింది. వేగం బటన్ వాడండి, ఎన్‌కౌంటర్ బటన్‌ను మాత్రం అవసరమైన చోటే వాడండి. అసలు ఆటలో ఎన్‌కౌంటర్లను ఆపే శక్తిని డియాబ్లోస్ నుంచి సంపాదించడంలోనే ఒక ప్రణాళిక ఉంది.

ఆఖరి కోట గురించి చెప్పకుండా వదలలేను. ఆఖరి శత్రువు అల్టిమీసియా కోటలోకి అడుగుపెట్టగానే మీ శక్తులు ఎనిమిదింటికి తాళం పడుతుంది: ఐటమ్, మ్యాజిక్, జీఎఫ్, డ్రా, కమాండ్ ఎబిలిటీలు, లిమిట్ బ్రేక్, చనిపోయినవాళ్లను లేపడం, చివరికి సేవ్ కూడా. మిగిలేది అటాక్ ఒక్కటే. ఎనిమిది మంది బాస్‌లు ఉంటారు, ఒక్కొక్కరిని ఓడించినప్పుడు ఒక్కో తాళం తీసుకోవచ్చు, ఏది ముందు అన్నది మీ ఇష్టం. జంక్షన్‌కు మాత్రం తాళం పడదు. ఇంతకాలం సమన్ల మీద ఆధారపడినవాళ్లు ఇక్కడ దిక్కుతోచక నిలబడతారు, స్టాట్లు కట్టుకున్నవాళ్లు ఖాళీ చేతులతోనే నడుచుకుంటూ వెళ్లిపోతారు. నా వరుస ఇది: ముందు మ్యాజిక్, తర్వాత లేపడం, ఆ తర్వాత సేవ్. డ్రా చివర్లో తెరిచినా పర్వాలేదు, కానీ చేజారిన జీఎఫ్‌లు ఉంటే మాత్రం అదే మొదట తెరవాలి.

చివరి ఫైట్‌లో పార్టీని మీరు ఎంచుకోలేరు. ఆరుగురిలో ఎవరో ముగ్గురు వస్తారు, ఎవరైనా పడిపోయి సకాలంలో లేపకపోతే కాలంలో కలిసిపోతారు, వాళ్ల స్థానంలో ఇంకొకరు వస్తారు. ముగ్గురికే అన్నీ తగిలించి మిగతా ముగ్గురిని ఖాళీగా ఉంచినవాళ్లకు ఇక్కడే ఆట చేజారుతుంది, ఎందుకంటే జీఎఫ్ లేని పాత్రకు అటాక్ తప్ప ఏమీ రాదు. తలుపు తెరవకముందే 16 జీఎఫ్‌లను ఆరుగురికీ రెండు మూడేసి పంచండి. ప్రతి ఒక్కరికీ హెచ్‌పీ, స్ట్రెంగ్త్ జంక్షన్లలో కనీసం ఒకటైనా వచ్చేలా చూడండి. ఒకరి దగ్గర ఉన్న మ్యాజిక్ మొత్తాన్నీ జంక్షన్లతో సహా ఇంకొకరికి మార్చే స్విచ్ మెనూ ఉంది, చేత్తో ఒక్కోటీ మార్చుతూ కూర్చోకండి. స్క్వాల్, కథానాయిక రినోవా కాక మూడో వ్యక్తిగా ఎవరు బాగా ఉపయోగపడతారని అడిగితే నా జవాబు జెల్, బటన్లు వేగంగా నొక్కగలిగితే అతని డ్యుయెల్‌ను మించిన లిమిట్ బ్రేక్‌లు తక్కువ.